మూడుసార్లు తడితే తీసెయ్యాలి

దయ్యాల్ని నేను తయారు చేశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. మా నరసరావుపేట కుర్రాళ్ళు షార్ట్ ఫిల్మ్ తీసి, "అక్కా, తెల్లచీర మనిషి గోడలోంచి నడిచి రావాలి" అని తెచ్చి ఇస్తారు. స్టాండు కదపకుండా రెండుసార్లు తీసి, ఒకదాని మీద ఇంకోటి వేసి, పైదాన్ని కాస్త పల్చన చేస్తే చాలు, వాళ్ళ దయ్యం వాళ్ళకి వచ్చేస్తుంది. నిజంగా జరిగిందంటూ ఫోన్లలో తిరిగే వీడియో ఏది చూపించినా, ఎక్కడ కోశారో, ఎక్కడ అతికించారో చెప్పేస్తాను. అలాంటిదాన్ని దయ్యాల్ని నమ్ముతానా? ఇప్పటికీ నమ్మను. ఇప్పుడు రాస్తున్నది దయ్యం గురించి అని కూడా అనను. దేని గురించో నాకే తెలియదు, అదే నా ఏడుపు.

నా పేరు రేష్మ. మా అన్న నాగూర్ కెమెరా పడతాడు, నేను ఎడిటింగ్ చేస్తాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, తిరునాళ్ళు, ఎద్దుల పందేలు, ఏది వస్తే అది. ఇంటి ముందు గదే మా స్టూడియో. మా చిన్నప్పుడే నాన్న పోతే, మమ్మల్ని చూసుకుంది మా అమ్మ తమ్ముడు జానీ మామ. వెల్డింగ్ పని. మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మమ్మల్ని ఎవరన్నా ఒక మాట అంటే పని మీద ఉన్నవాడు ఉన్నట్టే లేచి, చేతిలో ఏముంటే అది పట్టుకుని వచ్చేసేవాడు. అన్న అంటే ప్రాణం పెట్టేవాడు.

ముందు నా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

ఒక పెళ్ళి వీడియో అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీసిన గంటలకొద్దీ సరుకు. అదంతా మౌసు పట్టుకుని వెతుక్కుంటూ కూర్చుంటే ఆ జంటకి పిల్లలు పుట్టినా వీడియో పూర్తవదు. అందుకే నా చేతులు కీబోర్డు మీదే ఉంటాయి. 'ఎల్' నొక్కితే ముందుకు పోతుంది, మళ్ళీ నొక్కితే పరుగెత్తుతుంది, 'కె' నొక్కితే ఆగుతుంది, 'జె' నొక్కితే వెనక్కి వస్తుంది. బాగున్న చోట 'ఎమ్' నొక్కితే ఒక మార్కర్ పడుతుంది. పుస్తకంలో పేజీ మూల మడతపెట్టుకున్నట్టు, అక్కడ పచ్చగా చిన్న గుర్తు నిలబడుతుంది. చివర్లో షిఫ్ట్ పట్టుకుని 'ఎమ్' కొడుతూ పోతే ఒక గుర్తు మీది నుంచి ఇంకో గుర్తు మీదికి దూకుతూ పోవచ్చు.

మా అన్న దీనికి తన పద్ధతి ఒకటి కలిపాడు. తాళి కట్టేటప్పుడు "రేష్మా, ఇది బాగొచ్చింది" అని మైకులో అరవలేడు కదా, పంతులు గారి మంత్రాలు పాడైపోతాయి. అందుకని కెమెరా మీదున్న మైకుని గోటితో తట్టేవాడు. రెండుసార్లు టక్ టక్ అంటే, ఇక్కడ గుర్తు పెట్టు. మూడుసార్లు తడితే, ఇప్పుడు పోయిందంతా తీసెయ్. రెండు తట్లు వినపడిన చోట నేను ఎర్ర మార్కర్ పెట్టేదాన్ని. దానికి 'ఎన్' కీ ఏర్పాటు చేసుకున్నాను. 'ఎమ్' నాది, 'ఎన్' నాగూర్‌ది. కీబోర్డు మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి.

మూడు తట్లు ఎప్పుడు వచ్చేవంటే, పెళ్ళికొడుకు తండ్రి అందరి ముందు వియ్యంకుణ్ణి కసిరినప్పుడు. ఎవరో తాగొచ్చి భోజనాల దగ్గర పడిపోయినప్పుడు. పెళ్ళికూతురు చెల్లెలు ఒక మూల నిలబడి ఏడుస్తున్నప్పుడు. నేను సణిగేదాన్ని. "జరిగిందే కదన్నా, ఉంచితే ఏంది?" అంటే, "ఏమే, రేపు వాళ్ళు ఇంట్లో కూర్చుని చూసుకోవద్దా? తీసెయ్" అనేవాడు. తీసేసేదాన్ని. మూడు తట్లు విని నేను తియ్యని ముక్క లేదు. నా వేళ్ళకి అది ఎంత అలవాటైందంటే, అమ్మ వంటగదిలో గరిటెని గిన్నె అంచుకి టక్ టక్‌మనిపిస్తే అన్నం తింటున్న దాన్ని ఎడమ చేతి వేలితో కంచం అంచు నొక్కేదాన్ని. అన్న పడీ పడీ నవ్వేవాడు.

మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజులు. దుర్గి అవతల ఒక ఊళ్ళో తిరునాళ్ళకి బండలాగుడు పందెం పెట్టారు. ఎద్దుల జత పెద్ద రాతిబండని లాగాలి, ఇచ్చిన టైములో ఎంత దూరం లాగితే అంత. బండకి మనిషి చెయ్యి తగలకూడదు. తగిలిందా లేదా అని గొడవ వస్తే మా వైపు కమిటీవాళ్ళు చేసేది ఒకటే, వీడియో పెట్టి చూడటం. కెమెరావాడే జడ్జీ అవుతాడు. అది గౌరవమనుకుని మేం ఇన్నాళ్ళూ మురిసిపోయాం.

ఆ రోజు అన్నతో జానీ మామ వెళ్ళాడు, నేను ఇంట్లోనే ఉన్నాను. గొడవ వచ్చింది కోటేశు తోలిన జత మీద. కోటేశు, మా అన్న ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. మా ఇంట్లో అమ్మ చేతి బిర్యానీ తినని పండగ లేదు వాడికి. కోటేశు జతే గెలిచిందని అందరూ ఈలలు వేస్తుంటే, అవతలి జతవాళ్ళు వచ్చి, దుమ్ములో ఎవడో బండని చేత్తో నెట్టాడన్నారు. వీడియో పెట్టమన్నారు. అన్న పెట్టాడు. చెయ్యి కనపడింది. కోటేశుకి తెలియకుండా వాళ్ళ మనిషే ఎవడో నెట్టాడు. జతని పక్కన పెట్టేశారు.

కోటేశు వచ్చి అన్న కాలరు పట్టుకున్నాడు. "ఒరేయ్ నాగూరూ, స్నేహితుడివై ఉండి నా నోట్లో మట్టి కొడతావంట్రా!" అని అరిచాడు. అది ఊరంతా విన్నది. ఆ తర్వాత రెండు జతల మనుషులూ కలబడ్డారు. కర్రలు లేచాయి, రాళ్ళు లేచాయి. బండని కదిలించడానికి తెచ్చిన గడ్డపలుగులు అక్కడే ఉన్నాయి. ఎద్దులు బెదిరి జనం మీదికి వచ్చాయి. దుమ్ము తగ్గేసరికి మా అన్న నేల మీద ఉన్నాడు. ఎడమ చెవి వెనక గడ్డపలుగు దెబ్బ. ఎముక లోపలికి దిగిపోయింది. చెవిలోంచి, ముక్కులోంచి రక్తం. వాడి పక్కన కోటేశు, ఒళ్ళంతా అన్న రక్తంతో. గడ్డపలుగు కోటేశు కాళ్ళ దగ్గర పడి ఉంది.

కోటేశు పారిపోయాడు. పారిపోయాడు కాబట్టి వాడే కొట్టాడన్నారు. నేను కూడా అన్నాను.

అన్నని గుంటూరులో ఆపరేషన్ చేసి ఐసీయూలో పెట్టారు. తెలివి లేదు. నోట్లో గొట్టం. నిద్రలో గొట్టం పీక్కోకుండా రెండు చేతులూ గుడ్డ పట్టీలతో మంచానికి కట్టేశారు. ఆ చేతులు చూసి నాకు ఏడుపు రాలేదు. పిచ్చికోపం వచ్చింది. జానీ మామ కారిడార్‌లో గోడకి తల బాదుకుంటున్నాడు. నుదురు చిట్లి రక్తం కారుతుంటే నర్సు దూది తెచ్చింది, ఆమెని తోసేశాడు. నేను మామ చెయ్యి పట్టుకుని, "మామా, కోటేశుని నరికెయ్. నేను అడుగుతున్నా. వాడు బతకకూడదు" అన్నాను. నోరు జారిన మాట కాదు, నిజంగా నరకమనే అన్నాను. మామ నా మొహం వంక చూడకుండా, "నేను చూసుకుంటాలే తల్లీ" అన్నాడు.

అమ్మ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. బట్టలు తేవడానికి నేను ఒకరోజు పొద్దున బస్సెక్కి ఇంటికి వచ్చాను. వచ్చినదాన్ని బట్టలు సర్దుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అన్న కెమెరా, కార్డు పోలీసులు తీసుకుపోయారు. ఆ కార్డులో ఏమీ లేదన్నారు, మొదటి తోపులాటలోనే కెమెరా పడిపోయిందట. కానీ మా వైపు ఎద్దుల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో జనం తీసిన ఫోను వీడియోలు పడ్డాయి. ఒకటి ట్రాక్టర్ ట్రక్కు ఎక్కి తీసింది, ఒకటి ఐస్ బండి పక్క నుంచి, ఒకటి కమిటీవాళ్ళ టెంటు కింద నుంచి. ఏది చూసినా దుమ్ము, వీపులు, కర్రలు. విడివిడిగా చూస్తే ఏ తల ఎవరిదో తెలియదు.

మూడింటినీ కలిపి ఒకే టైమ్‌లైన్ మీద వరస పెడితే తెలుస్తుందని నాకు తెలుసు. కోటేశు గడ్డపలుగు ఎత్తిన క్షణం కావాలి నాకు. పోలీసులకి ఇవ్వడానికే కాదు. స్నేహితుడి చెల్లెలని నన్ను "చెల్లెమ్మా" అని పిలిచిన ఆ మొహం, మా అన్నని చంపబోయేటప్పుడు ఎలా ఉందో నా కళ్ళతో చూడాలి.

మూడు ఫోన్ల వీడియోల్ని ఒకచోటికి కలపాలంటే ముందు ధ్వని కలపాలి. మైకులో అనౌన్స్ చేసేవాడు "ఆగండహో!" అని గట్టిగా అరిచిన అరుపు మూడింట్లోనూ ఉంది. ఆ అరుపు మీద మూడింటినీ సరిగ్గా పేర్చాను. మా కంప్యూటర్ పాతది, మూడు బొమ్మలు ఒకేసారి నడిపితే తడబడుతుంది. అందుకని బొమ్మలు మూడూ ఆపేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కొక్కదాని ధ్వనే వినడం మొదలుపెట్టాను. తెర మీద ధ్వని గీతలు తప్ప ఏమీ లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ సమయంలో నేను బొమ్మ చూడలేదు.

ట్రాక్టర్ మీది వీడియోలో అరుపులు, బూతులు, ఎద్దుల గంటలు. వాటి మధ్యలో, మిగతా గోలతో సంబంధం లేకుండా చెవి పక్కనే, టక్ టక్. నా వేలు 'ఎన్' నొక్కింది. నేను నొక్కానని కూడా అనను, అది అలవాటు. ఐస్ బండి పక్క వీడియోలో టక్ టక్. 'ఎన్'. టెంటు కింద వీడియోలో టక్ టక్. 'ఎన్'. ఆ తర్వాత కాసేపటికి, అదే వీడియోలో, టక్ టక్ టక్.

నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ముక్క మొదట్లో ఇన్ పెట్టాయి, చివర్లో అవుట్ పెట్టాయి, ఒక్క కీ కొట్టాయి. ఆ ముక్క టైమ్‌లైన్ మీది నుంచి ఎగిరిపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. ఇవి ఎవరెవరో తీసిన ఫోను వీడియోలు. అన్న మైకు పోలీస్ స్టేషన్‌లో ఉంది. అన్న గుంటూరులో చేతులు కట్టేసి ఉన్నాడు. మరి తట్టింది ఎవరు?

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. వీధిలో టిఫిన్ బండివాడు గిన్నెలు కడుగుతున్నాడు, వాడి చప్పుడేమోనని కిటికీ మూశాను. మళ్ళీ పెట్టుకుని విన్నాను. ఉంది. ధ్వని గీతల్ని పెద్దవి చేసి చూశాను. గోల గీతలన్నీ లావుగా ఉంటే, వాటిలో సన్నగా, నిటారుగా, జంట ముళ్ళు. అన్న గోటి తట్లు రోజూ చూసేదాన్ని, నాకు తెలియదా. ఇంకో సంగతి కూడా గమనించాను. ఆ చప్పుడు నిజంగా ఆ పందెం మైదానంలో పుట్టి ఉంటే మూడు ఫోన్లలోనూ ఒకే చోట పడాలి. అరుపు ఒకే చోట పడింది కదా. తట్లు మాత్రం ఒక్కో వీడియోలో ఒక్కో చోట ఉన్నాయి. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో లేదు.

కంట్రోల్ జెడ్ కొట్టి తీసేసిన ముక్కని వెనక్కి తెచ్చాను. బొమ్మలు ఆన్ చేశాను. షిఫ్ట్ పట్టుకుని 'ఎమ్' నొక్కాను.

మొదటి ఎర్ర గుర్తు. ట్రాక్టర్ మీది నుంచి. బండ పక్కన వంగి గడ్డపలుగు లాగుతున్న మనిషి. నీలం గళ్ళ చొక్కా. ఆ చొక్కా పోయిన పండక్కి నేనే కొన్నాను. జానీ మామ.

రెండో గుర్తు. ఐస్ బండి పక్క నుంచి. మామ రెండు చేతులతో గడ్డపలుగు తల మీదికి ఎత్తాడు. ఎదురుగా కోటేశు వీపు. కోటేశు అన్న కాలరు పట్టుకుని ఊపుతున్నాడు. మామ కళ్ళు కోటేశు మీదే ఉన్నాయి. తన మేనల్లుడి మీద చెయ్యి వేసినవాణ్ణి కొట్టబోతున్నాడు. ఒక్కొక్క ఫ్రేమూ ముందుకు జరిపాను. కోటేశుని ఎవడో పక్క నుంచి తోశాడు, కోటేశు ఒరిగాడు. గడ్డపలుగు దిగింది. దాని కింద అన్న తల ఉంది.

మూడో గుర్తు. టెంటు కింద నుంచి. కోటేశు వట్టి చేతులతో అన్న తలని ఒళ్ళో పెట్టుకుని ఎవరినో పిలుస్తున్నాడు. మామ చేతిలోంచి గడ్డపలుగు జారి కోటేశు కాళ్ళ దగ్గర పడింది. మామ నోరు తెరుచుకుని, తల పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చుట్టూ చూశాడు. తర్వాత కోటేశు వైపు చెయ్యి చూపించి అరవడం మొదలుపెట్టాడు.

అక్కడ వచ్చాయి మూడు తట్లు.

మా అన్న సంగతి నాకు తెలుసు. ఇంట్లోవాళ్ళు రేపు చూసుకోలేనిది ఏదైనా వాడు తీయించేస్తాడు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. మమ్మల్ని పెంచిన చేతులు. తీసెయ్ అన్నాడు. ఆ చప్పుడు ఎక్కడిదైనా కానీ, చెప్పింది మాత్రం నాకు అర్థమైంది.

అదే సమయానికి ఫోన్ మోగింది. మామ. వెనక బండి చప్పుడు.

"రేష్మా, దొరికాడే. అత్తగారి ఊళ్ళో దాక్కున్నాడంట. మేం బయల్దేరాం. నువ్వు మీ అమ్మకి చెప్పమాక."

"మామా, ఆగు. వెళ్ళమాక."

"నువ్వేగా నరకమంది?"

"మామా, నేను వీడియో చూశా. మూడు ఫోన్లవీ కలిపి చూశా. నీ నీలం చొక్కా కనపడుతుంది మామా."

మామ నేనెప్పుడూ విననంత మెల్లగా, "ఎవ్వరికీ చూపియ్యమాక తల్లీ. కోటేశు ఒక్కడే చూశాడు. వాడు లేకపోతే ఇంక ఎవురికీ తెలవదు. మీ అమ్మకి తెలవదు. నాగూరుకి తెలవదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

స్టేషన్‌కి చేశాను. ఎత్తినవాడు, ఏ ఊరు, ఏ కేసు, నువ్వెవరు అంటూ మొదలుపెట్టి ఎస్సైగారు బయటికి పోయారన్నాడు. కోటేశు ఫోన్ పారిపోయిన రోజు నుంచి పనిచెయ్యడం లేదు. వాడి అత్తగారి ఊళ్ళో నాకు ఎవరూ తెలియదు. నాకు తెలిసింది ఒక్క ఎద్దుల గ్రూపే. దాంట్లో ఆ ఊరివాళ్ళు కూడా ఉంటారు.

చేతులు కీబోర్డు మీద పెట్టాను. మూడు గుర్తుల దగ్గరి ముక్కల్ని కోసి వరసగా పెట్టాను. వేగం తగ్గించాను. అలవాటు కొద్దీ మామ చుట్టూ ఎర్ర సున్నా కూడా చుట్టాను. గ్రూపులో పెట్టి, "నాగూర్‌ని కొట్టింది కోటేశు కాదు. కోటేశుని చంపడానికి మనుషులు వస్తున్నారు. ఎవరన్నా పోయి ఆపండి" అని రాశాను. పంపేముందు ఆగలేదు. ఆగితే పంపనని తెలుసు.

తర్వాతది నేను చూడలేదు, విన్నాను. మామ వాళ్ళు నేను పంపేసరికే ఊరి చివర్లో ఉన్నారట. కోటేశు మామగారి కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడట. మామ కొడవలి తీసుకుని మీద పడ్డాడు. మొదటి దెబ్బ కోటేశు కుడి భుజం మీద పడి ఎముక దాకా తెగింది. రెండో దెబ్బ వేసేలోపు ఊరివాళ్ళు పరుగెత్తుకొచ్చారు, కొందరు ఫోన్లు చేతిలో పట్టుకునే. మామ వెంట వచ్చినవాళ్ళు బండ్లెక్కి పారిపోయారు. మామని ఆ మిరపకాయల మీదే పడేసి కొట్టారు. పారతోటి, కర్రలతోటి, కాళ్ళతోటి. "మేనల్లుణ్ణి కొట్టి ఇంకొకడి మీద పెడతావంట్రా" అని అరుస్తూ కొట్టారట. అంబులెన్స్ మాచర్ల రోడ్డు ఎక్కకముందే మామ ప్రాణం పోయింది.

అది కూడా ఎవడో ఫోన్‌లో తీశాడు. సాయంత్రానికి అదే గ్రూపులో వచ్చింది. తెరవకుండా కనపడే చిన్న బొమ్మలో ఎర్రటి కల్లం, మధ్యలో నీలం గళ్ళు. ఇవాళ్టి దాకా దాన్ని తెరవలేదు.

అమ్మకి నేనే చెప్పాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టి, మొత్తం. ఆవిడ అరవలేదు. "పంపేముందు నన్నొక్క మాట అడగొద్దటే? వాడు నా తమ్ముడే" అంది. అప్పటి నుంచి నాతో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది. కానీ నేను గదిలోకి వస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి పోతుంది. నేను పంపకపోతే కోటేశు పోయేవాడు. పంపాను కాబట్టి మామ పోయాడు. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ పంపుతాను.

ఆ మెట్ల మీదే అమ్మని ఇంకొకటి అడిగాను. ఆ పొద్దున అన్న వేళ్ళు ఏమన్నా కదిలాయా అని. మంచం మీద గాని, ఇనప చట్టం మీద గాని తట్టాడా అని. "ఎట్టా తడతాడే, చేతులు కట్టేశారు కదా. రెప్ప కూడా కదపలా. నేను పక్కనే కూర్చున్నా" అంది. నర్సుని అడిగినా అదే మాట.

ఇంటికి వచ్చాక పోలీసులకి ఇవ్వడానికి ఆ ప్రాజెక్టు మళ్ళీ తెరిచాను. తట్లు లేవు. మూడు వీడియోలూ మొదటి నుంచి చివరి దాకా విన్నాను, గోల తప్ప ఏమీ లేదు. ఆ జంట ముళ్ళ గీతలున్న చోట మామూలు గోల గీతలే ఉన్నాయి. నాకు పని నేర్పిన సారు గుంటూరులో ఉంటే ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన మంచి హెడ్‌ఫోన్‌తో విన్నారు, జల్లెడ పట్టినట్టు ధ్వనిని విడదీసి విన్నారు. "ఏం లేదమ్మా. మార్కర్లు నువ్వే పెట్టావు, నీ కళ్ళు మామని చూసి ఉంటాయి, నీ మనసు ఒప్పుకుని ఉండదు" అన్నారు. చదువుకున్న మాట. నేనూ అలాగే అనుకుందామని చూశాను. కానీ బొమ్మలు ఆపేసి ఉన్నాయి కదా సార్ అంటే ఆయన హెడ్‌ఫోన్ తీసి నా చేతికి ఇచ్చేశారు. మార్కర్లు మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, ఎర్రగా.

అన్న బతికాడు. గుంటూరు నుంచి ఇంటికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. మాట ముద్దగా వస్తుంది, ఎడమ చెవి వినపడదు. కెమెరా ఎత్తలేడు. పందెం రోజు పొద్దున టిఫిన్ తిన్నది గుర్తుంది, తర్వాత ఏమీ గుర్తులేదు. మామ సంగతి చెబితే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. కోటేశు అప్పుడప్పుడు వస్తాడు. కుడి చెయ్యి పైకి లేవదు, ఇంక ఎద్దులు తోలలేడు. వాడూ అన్నా స్టూడియోలో ఎదురెదురుగా కూర్చుని ఎక్కువ మాట్లాడుకోకుండా టీ తాగుతారు. పోయేటప్పుడు నాకు చెప్పి పోతాడు, "వస్తా చెల్లెమ్మా" అని.

తట్ల సంగతి అన్నకి నేను చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. సారుకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఒక మధ్యాహ్నం కోర్టు పని కోసం లాయరు ఆ వీడియో మళ్ళీ కావాలంటే ప్రాజెక్టు తెరిచాను. అన్న నా వెనక, గుమ్మంలో, వీధి వైపు తిరిగి కూర్చుని గాజు గ్లాసులో టీ తాగుతున్నాడు. తెర వాడికి కనపడదు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను కాబట్టి ధ్వని కూడా వినపడదు. షిఫ్ట్ పట్టుకుని 'ఎమ్' కొడుతూ మొదటి గుర్తు, రెండో గుర్తు, మూడో గుర్తు దాటాను. మామ చుట్టూ చూసి, కోటేశు వైపు చెయ్యి చూపించిన చోటికి వచ్చి 'కె' నొక్కి ఆపాను. హెడ్‌ఫోన్ మెడ మీదికి జార్చాను.

వెనక నుంచి, గ్లాసు మీద గోటితో, టక్ టక్ టక్.

తిరిగి చూశాను. వాడు వీధిలోకే చూస్తున్నాడు.

"ఏందన్నా?"

"ఏంది?" అన్నాడు, ముద్దముద్దగా.

"గ్లాసు మీద కొట్టావ్."

గ్లాసు వంక చూశాడు, తన వేలి వంక చూశాడు. "ఏమో మరి. చెయ్యి అట్టా పోయింది" అన్నాడు. మళ్ళీ టీ తాగాడు.

నాకు వివరం తెలియదు. ఎవరన్నా చెబితే వింటాను. వాడు తీసెయ్యమన్నది మామ పరువు కోసమా, మామ ప్రాణం పోతుందని ముందే తెలిసా, లేక ఇదంతా నా తలకాయలోదేనా, ఎన్నిసార్లు వెనక్కి జరిపి చూసుకున్నా తేలలేదు. ఆ గుమ్మంలో కూర్చున్నది మా అన్నే. వాడు తియ్యమన్న ముక్క నేను తియ్యకుండా ఉండటం అదే మొదటిసారి.

తెర వైపు తిరిగాను. వేళ్ళు అప్పటికే ఇన్, అవుట్ కీల మీద ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి లాక్కుని కంట్రోల్ ఎస్ నొక్కి, ఉన్నది ఉన్నట్టు సేవ్ చేశాను.